సుశ్రుతాచార్యుడు – ముఖసంధాన విధి

భారతీయ వైద్యవాఙ్మయంలో కాయచికిత్సకు చరకుడు ఎట్టివాడో శల్యతంత్రానికి సుశ్రుతుడు అట్టివాడు. వైద్యవిద్యాలయాల ముఖద్వారాల వద్ద, పాఠ్యగ్రంథాల మొదటి పుటలలో ఆయన పేరు కనబడుతూనే ఉన్నది. అయితే ఆ ఆచార్యుడెవరు, ఆయన నిజంగా చెప్పినదేమి, చెప్పకపోయినా ఆయనకు ఆరోపింపబడినదేమి అన్న వివేచన ఆ ప్రసిద్ధికి తగినంతగా జరుగలేదు. వికృతమైన ముఖాన్ని ఆ మనిషి శరీరంలోని మాంసంతోనే తిరిగి తీర్చే విద్య విషయంలో ఈ వివేచన మిక్కిలి అవసరం. తినుట, త్రాగుట, మాట్లాడుట, నలుగురిలో తలయెత్తి కూర్చుండుట – ఈ నాలుగూ ముఖాన్ని ఆశ్రయించినవి. ముఖం చెడినవాడు ప్రాణాలతో ఉన్నా జనంలో లేనివాడే. అట్టివానిని తిరిగి జనంలో నిలుపదగిన ఉపాయాన్ని శాస్త్రంగా కూర్చిన ప్రాచీనులలో సుశ్రుతుడు అగ్రగణ్యుడు.

జన్మ – కాలం

సుశ్రుత శబ్దానికి చక్కగా విన్నవాడనీ, చక్కగా వినబడినవాడు అనగా ప్రసిద్ధుడనీ రెండు అర్థాలు చెప్పవచ్చు. రెండూ ఆయనకు చెల్లుతాయి. సంహితలోనే ఆయన విశ్వామిత్రుని కుమారునిగా పేర్కొనబడినాడు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలోని విశ్వామిత్ర పుత్రుల పట్టికలో కూడ సుశ్రుత నామం కలదు. గాయత్రీ ద్రష్టయైన విశ్వామిత్రుడే ఈ విశ్వామిత్రుడా, లేక ఆ గోత్రంలోని మరియొకడా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. పాణినీయ గణపాఠంలో కార్తకౌజపాది గణంలో సౌశ్రుత శబ్దం కనబడుట వలన సుశ్రుత నామం వ్యాకరణ సంప్రదాయానికి చిరపరిచితమని మాత్రం తేలుతున్నది. అది వైద్యుడైన సుశ్రుతుని వంశీయులను చెప్పునని దానిని బట్టి మాత్రమే నిర్ణయించుట సాహసం.

కాలనిర్ణయంలోను ఇట్టి జాగ్రత్తయే తగినది. హెర్న్‌లే పండితుడు సుశ్రుతుని క్రీ.పూ. 6వ శతాబ్ది ప్రాంతంలో నిలిపినాడు. ఇతరులు ఆయనను అంతకంటె చాల అర్వాచీనునిగా భావించినారు. సంహిత ఒకే కాలంలో ఒకే చేతిలో రూపొందినది కాదనుట నేడు సర్వసమ్మతం. సూత్ర, నిదాన, శారీర, చికిత్సా, కల్ప స్థానాలలో 120 అధ్యాయాలు కలవు. ఉత్తరతంత్రంలో 66 అధ్యాయాలు కలవు. ఈ ఉత్తరతంత్రం తరువాతి చేర్పని పెక్కుమంది అభిప్రాయం. వ్యాఖ్యాతలు వృద్ధసుశ్రుతుడనే మరియొక నామాన్ని కూడ ఎరుగుదురు. 12వ శతాబ్దికి చెందిన డల్హణుడు తన నిబంధసంగ్రహ వ్యాఖ్యలో సంహితకు ప్రతిసంస్కర్త నాగార్జునుడని చెప్పినాడు. ఆ నాగార్జునుడు శ్రీపర్వత నివాసియైన మాధ్యమికాచార్యుడే అని ఆంధ్రులు అభిమానంతో తలచుట సహజమే. కాని నాగార్జున నామధారులు అనేకులు ఉండుట వలన ఆ అభేదం నిరూపితం కాలేదు.

కాశీ గురుకులం

సంహితారంభంలోనే సుశ్రుతుని జీవితంలోని ముఖ్యఘట్టం కనబడుతున్నది. కాశీరాజైన దివోదాసుడు ఆశ్రమస్థుడై ఋషిగణ పరివృతుడై ఉన్న సమయంలో ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు, పౌష్కలావతుడు, కరవీర్యుడు, గోపురరక్షితుడు మొదలగువారు సుశ్రుతునితో కూడి ఆయనను ఆశ్రయించినారు. నానావిధ వ్యాధులచేత పీడింపబడి, నాథులుండియు అనాథులవలె విలపించే జనులను చూచి తమ మనస్సు నొచ్చుకొన్నదనీ, వారి రోగశాంతికై ఆయుర్వేదం నేర్వగోరినామనీ విన్నవించినారు. గురువు సమ్మతించగా, శల్యజ్ఞానం మూలంగా సమస్తం ఉపదేశింపుమని కోరి, తమ అందరి పక్షాన ప్రశ్నించే బాధ్యతను సుశ్రుతునికి అప్పగించినారు. సహాధ్యాయుల చేత ఈ విధంగా ఎన్నుకోబడుట ఆయన మేధకు తొలి గుర్తింపు. తక్కిన శిష్యులలో కొందరు కూడ తంత్రాలు రచించినట్లు సంప్రదాయం చెప్పుచున్నది. కాలం నిలిపినది సుశ్రుతుని తంత్రాన్ని.

అష్టాంగాలలో శల్యమే మొదటిదని దివోదాసుడు ఉపదేశించినాడు. అందుకు ఆయన చూపిన కారణాలలో ఒకటి గమనింపదగినది. రుద్రుని వలన యజ్ఞపురుషుని శిరస్సు తెగిపోగా అశ్వినీ దేవతలు దానిని తిరిగి అతికించినారు. ఛేదనంతో కాక సంధానంతో శల్యతంత్రానికి ఆదిమత్వం చెప్పబడుట ఇందలి విశేషం. తెగినదానిని కూర్చుటయే ఈ విద్యకు పుట్టుక అన్న భావం శిష్యుని మనస్సులో ఎంత లోతుగా నాటుకొన్నదో సూత్రస్థానం 16వ అధ్యాయం వలన తెలియగలదు.

శిక్షణ

సుశ్రుతుడు తాను నేర్చిన పద్ధతిని శిష్యులకు విధించిన తీరులో ఆయన స్వభావం వెల్లడి అవుతున్నది. శాస్త్రం మాత్రమే చదివి కర్మ ఎరుగనివానిని, కర్మ మాత్రమే నేర్చి శాస్త్రం చదువనివానిని ఆయన సమానంగా నిరాకరించినాడు. ఇద్దరూ ఒంటిరెక్క పక్షుల వంటివారని ఆయన భావన. అందుచేత రోగి శరీరం మీద శస్త్రం పెట్టుటకు ముందు యోగ్య అనే అభ్యాసం విధించినాడు. గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయలమీద ఛేదనం, నీరు బురదలతో నిండిన తోలుతిత్తుల మీద భేదనం, రోమాలున్న చర్మం మీద లేఖనం, మృతపశువుల సిరల మీద, తామరతూండ్ల మీద వేధనం అభ్యసించవలెను. దళసరి వస్త్రపు అంచుల మీద, మెత్తని తోలు మీద కుట్టుపని నేర్వవలెను. చెవిని అతికించే కర్మకు ప్రత్యేకంగా మెత్తని మాంసఖండాలను, కలువతూండ్లను నిర్దేశించుట వలన ఆ కర్మ సాధారణమైన కుట్టుపని కాదని ఆయన గుర్తించినట్లు స్పష్టం.

శారీరస్థానంలో శవపరీక్షా విధి కలదు. విషం వలన గాని దీర్ఘవ్యాధి వలన గాని మరణించనివాని దేహాన్ని గ్రహించి, ప్రేగులలోని మలాన్ని తొలగించి, ముంజ, నార, కుశ, జనుము మొదలగువాటిలో ఒకదానితో చుట్టి, పంజరంలో ఉంచి, మెల్లగా పారే నీటిలో ఏడు రాత్రులు నిలుపవలెను. పిదప వట్టివేరు, వెంట్రుకలు, వెదురు మొదలగువాటితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుచు చర్మం మొదలుకొని లోపలి అంగాలన్నింటిని కన్నులతో చూడవలెను. శాస్త్రంలో విన్నదానిని కన్నులతో చూచినప్పుడే జ్ఞానం వృద్ధి పొందునని ఆయన సిద్ధాంతం.

యంత్రాలు 101 అనీ, శస్త్రాలు 20 అనీ లెక్కించి, యంత్రాలన్నింటిలో హస్తమే ప్రధానమని ఆయన చెప్పినాడు. సూచులను మూడు విధాలుగా విభజించినాడు. మాంసం తక్కువైన చోట, కీళ్ల వద్ద రెండంగుళాల గుండ్రని సూది. మాంసలమైన చోట మూడంగుళాల మూడంచుల సూది. మర్మస్థానాలలో, ఉదరంలో వింటివలె వంగిన సూది వాడవలెను. కుట్టుటకు సన్నని దారం, జనుపనార, స్నాయువు, వెంట్రుక, మూర్వ, తిప్పతీగల నార పేర్కొనబడినవి.

సంధాన విధి

సూత్రస్థానం 16వ అధ్యాయానికి కర్ణవ్యధబంధవిధి అని పేరు. బాలురకు చెవులు కుట్టే శుభకర్మతో ఆ అధ్యాయం మొదలవుతుంది. కుట్టిన రంధ్రాన్ని పెద్దది చేయగా చెవితమ్మె సాగి రెండుగా చీలుట కలదు. దెబ్బల వలన కూడ చీలుట కలదు. అట్టి చెవులను కూర్చుటకు నేమిసంధానకం మొదలు కాకౌష్ఠకం వరకు 15 విధాలను సుశ్రుతుడు వివరించినాడు. వాటిలో మొదటి పది సాధ్యాలు, చివరి అయిదు అసాధ్యాలు. సాధ్యాసాధ్య విభాగం చేయుటలో ఆయన ఎక్కడను మొగమాటపడలేదు.

తమ్మె పూర్తిగా లేనివానికి చెప్పిన ఉపాయం ఈ శాస్త్రానికంతటికి మూలకందం. చెంప నుండి మాంసాన్ని ఎత్తి, దానిని పూర్తిగా వేరుచేయక ఒక అంచున అంటియుండనిచ్చి, చెవి ఉండవలసిన చోటును గీరి నెత్తురు కనబడజేసి, అక్కడ కూర్చి తమ్మెగా తీర్చవలెను. ఆ మాంసానికి ఆయన పెట్టిన నియమాలు రెండు. అది సానుబంధమై ఉండవలెను, సజీవమై ఉండవలెను. పూర్తిగా తెగిన ముక్క నెత్తురు అందక చచ్చిపోతుంది. మొదటి చోటుతో బంధం తెగనిది ఆ బంధం ద్వారానే పోషింపబడుతూ క్రొత్తచోట వేళ్లూనుకొంటుంది. రక్తప్రసరణ సిద్ధాంతం ఏర్పడని కాలంలో, అనుభవం వలన మాత్రమే ఈ నియమం ఆయనకు దొరికినది. రక్తం దుష్టమై ఉన్నప్పుడు, అతిగా స్రవించుచున్నప్పుడు, క్షీణించి ఉన్నప్పుడు సంధానం చేయరాదన్న నిషేధం కూడ ఈ అనుభవ ఫలమే.

ముక్కు తెగినవానికి చెప్పిన విధి ఇంకను ప్రసిద్ధం. పోయిన ముక్కు ప్రమాణానికి సరిపడే చెట్టు ఆకును కొలతగా గ్రహించి, ఆ కొలతకు చెంప ప్రక్క నుండి మాంసాన్ని ఎత్తి, గీరిన నాసికాగ్రానికి చేర్చి, ఏమరుపాటు లేక శీఘ్రంగా కుట్టవలెను. శ్వాసకై, ఆకృతికై రెండు గొట్టాలను అమర్చి ఎత్తి నిలుపవలెను. పతంగ, యష్టిమధుక, అంజన చూర్ణాలు చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో మాటిమాటికి తడుపవలెను. అతుకు మానిన పిదప మిగిలిన భాగాన్ని కోయవలెను. పోషణకై నిలిపిన బంధాన్ని పని తీరిన తరువాత తెంచుటయే ఇక్కడ ఉద్దేశమని పెక్కుమంది అర్థం చేసికొన్నారు. క్రొత్త ముక్కు చిన్నదైతే సాగదీయవలెననీ, మాంసం అధికమైతే సమం చేయవలెననీ చెప్పినాడు.

దీని వెంటనే పెదవిని గూర్చి చెప్పిన వాక్యం మిక్కిలి చిన్నది. ఫలం మిక్కిలి పెద్దది. గొట్టాలను విడిచి, తక్కినదంతయు ముక్కుకు చెప్పినట్లే పెదవికి చేయవలెనని తాత్పర్యం. చెంప మాంసంతో నోటి అంచును తిరిగి తీర్చుటకు అనుమతి ఈ ఒక్క వాక్యంలో ఉన్నది. ఈ విధిని చక్కగా ఎరిగినవాడే రాజుకు కర్మ చేయదగినవాడని అధ్యాయాన్ని ముగించుట వలన, దీనిని వైద్యుని నైపుణ్యానికి పరాకాష్ఠగా ఆయన భావించినట్లు తెలుస్తున్నది.

శస్త్రం తరువాతి శ్రద్ధ కూడ గమనింపదగినది. కట్టు మరీ బిగువు కాక, మరీ వదులు కాక ఉండవలెను. తేనె నేతులు పూసి, దూదితో కప్పి, పైన కుండపెంకు పొడి చల్లవలెను. మూడు రాత్రులు నూనెతో తడిపి పిదప దూది మార్చవలెను. రాపిడి, పగటినిద్ర, వ్యాయామం, అతిభోజనం, అగ్నితాపం, అధిక సంభాషణం విడువవలెను. క్రొత్తగా అతికిన ముఖానికి మాట కూడ భారమే అన్న సంగతి ఆయన మరువలేదు.

ముఖరోగాలు – అర్బుదం

నిదానస్థానం 16వ అధ్యాయంలో ముఖరోగాలు 65గా లెక్కింపబడినవి. పెదవులలో 8, దంతమూలాలలో 15, దంతాలలో 8, నాలుకలో 5, తాలువులో 9, కంఠంలో 17, నోరంతటా వ్యాపించేవి 3. మాంసదోషం వలన పుట్టిన ఓష్ఠరోగంలో పెదవులు బరువెక్కి, మాంసపిండం వలె ఉబికి, సెలవుల వద్ద పురుగులు పుట్టునని వర్ణన. రక్తదోషం వలన పుట్టినదానిలో ఖర్జూరఫల వర్ణం గల పొక్కులు లేచి నెత్తురు కారుతుంది. ఈ రెండింటిని, త్రిదోషజాన్ని, తాలువులోని అర్బుదాన్ని, నాలుకలోని అలాసాన్ని ఆయన అసాధ్యాలలో చేర్చినాడు. నేటి క్యాన్సర్ వీటిలో ఏదని ఒక్కొక్క పేరుకు సరిపెట్టుట శాస్త్రీయం కాదు. కాని నోటిలో మాంసం పెరిగి ప్రాణం తీసే వ్యాధిని ఆయన చూచినాడనుటలో సందేహం లేదు.

శరీరంలోని ఇతర అర్బుదాలను గూర్చి ఆయన చెప్పిన లక్షణాలు – నొప్పి లేకుండుట, రాయివలె గట్టిగా కదలకుండుట, పక్వం కాకుండుట, ఒకదానిపై ఒకటి పుట్టుట – వైద్యులకు నేటికిని ఆశ్చర్యం కలిగిస్తాయి. చికిత్సలో శేషం మిగులరాదన్నది ఆయన శాసనం. అర్బుదంలో కొంచెం మిగిలినా మరల పెరిగి, ఆరని నిప్పువలె మనిషిని దహిస్తుందని హెచ్చరించినాడు. నోటి వ్యాధులలో శస్త్రకర్మను రోగి భుజించక మునుపే చేయవలెనని సూత్రస్థానంలో నియమించినాడు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం కావలెను. అర్బుదాన్ని నిశ్శేషంగా కోయవలెనన్నది ఒక స్థానంలో, చెంప మాంసంతో పెదవిని తీర్చవలెనన్నది మరియొక స్థానంలో చెప్పబడినవి. ఈ రెండింటిని జతపరచి, నోటి అర్బుదాన్ని కోసిన చోటును సానుబంధ మాంసంతో పూడ్చవలెనని సుశ్రుతుడు చెప్పలేదు. చెంపకు ఇవతల చర్మం, అవతల నోటిపొర ఉండుట వలన అక్కడ రంధ్రం పడినప్పుడు రెండు పొరలనూ తీర్చవలసి ఉంటుంది. ఈ సమస్యను ఆయన విధి స్పృశించలేదు. లేనిదానిని ఉన్నదని చెప్పుట ఆచార్యునికి గౌరవం కాదు.

గ్రంథయాత్ర

సుశ్రుతుని కీర్తి ఆయన తరువాత దేశాంతరాలకు వ్యాపించినది. 1890లో మధ్యాసియాలోని కుచా వద్ద లభించి బవర్ పేరుతో ప్రసిద్ధమైన వ్రాతప్రతిలో సుశ్రుతుడు కాశీరాజును వెల్లుల్లిని గూర్చి ప్రశ్నించే ఘట్టం కలదు. 8వ శతాబ్ది చివర, 9వ శతాబ్ది ఆరంభాన బాగ్దాదులో బర్మకీ మంత్రి యహ్యా ప్రోత్సాహంతో మంకుడనే భారతీయ వైద్యుడు సంహితను అరబ్బీలోనికి తెచ్చినాడు. నేపాళంలో లభించిన తాటియాకుల ప్రతి క్రీ.శ. 878 నాటిది. నేటి ముద్రిత పాఠానికి, ఆ ప్రతికి గల భేదాలు సంహిత చరిత్రపై క్రొత్త వెలుగును ప్రసరింపజేసినవి. వాగ్భటుడు అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో నాసాసంధాన విధిని చేర్చుకొన్నాడు. జేజ్జటుడు, గయదాసు, చక్రపాణిదత్తుడు, డల్హణుడు వ్యాఖ్యానించినారు. 1835–36లో కలకత్తాలో మధుసూదన గుప్త సంహితను ముద్రింపజేసినాడు. 1836లో కలకత్తా వైద్యకళాశాలలో శవచ్ఛేదానికి శస్త్రం పట్టినవాడు కూడ ఆ పండితుడే కావడం సుశ్రుతుని శారీరస్థానానికి తగిన కొనసాగింపు.

అయితే ముద్రణకు మునుపే సంధానకర్మ మరొక మార్గంలో ఐరోపాకు చేరినది. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్లసేనకు బండితోలే కవాస్జీ అనునతడు పట్టుబడి ముక్కును, ఒక చేతిని కోల్పోయినాడు. పూనా సమీపంలో ఇటుకల వృత్తికి చెందిన ఒకడు అతని నుదుటి చర్మాన్ని దించి ముక్కును తీర్చినాడు. ఈ వృత్తాంతం 1794 అక్టోబరులో లండనులోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో వెలువడగా, జోసెఫ్ కార్ప్యూ 1814లో ఆ కర్మను చేసి 1816లో గ్రంథంగా ప్రకటించినాడు. నుదుటి చర్మాన్ని వాడుట సుశ్రుతుని విధియే అని చాలచోట్ల వ్రాయబడుతున్నది. అది సరికాదు. ముద్రిత సంహితలో ఉన్నది చెంప. నుదురు లోకంలోని పనివారి సంప్రదాయం. పండితులు మరచిన కర్మను శాస్త్రం చదువని చేతులు నిలిపినవి. రెండు రెక్కలు వేరై, చెరియొకచోట బ్రతికినవన్న మాట.

ఐరోపాలోను ఈ విద్యకు స్వతంత్రమైన మూలాలు కలవు. రోమునకు చెందిన సెల్సస్ 1వ శతాబ్దిలోనే ప్రక్క చర్మాన్ని జరిపి పెదవిని తీర్చే పద్ధతిని వ్రాసినాడు. బొలోనా వాసి టాగ్లియకోజీ 1597లో చేతి చర్మంతో ముక్కును తీర్చే గ్రంథం ప్రకటించినాడు.

అనంతర ఫలం

నోటి క్యాన్సర్ భారతదేశంలో మిక్కిలి హెచ్చు. పొగాకు, వక్క దీనికి ముఖ్యకారణాలు. ఉత్తర కోస్తా ఆంధ్ర గ్రామాలలో చుట్ట మండే కొసను నోటిలో ఉంచుకొని కాల్చే అడ్డపొగ అలవాటు వలన అంగుడికి క్యాన్సర్ సోకుట పరిశోధకులు గుర్తించిన విషయం. ఈ వ్యాధిని నిశ్శేషంగా కోయుటకు చెంపను, పెదవిని, ఒక్కొక్కప్పుడు దవడను కూడ తొలగింపవలసి వస్తుంది. ఆ లోటు పూడకపోతే అన్నం, లాలాజలం బయటికి కారుతాయి; మాట అస్పష్టమవుతుంది. పూడ్చే ఉపాయం లేని వైద్యుడు కోతలో వెనుదీయును, శేషం మిగులును. కనుక సంధానం అలంకారం కాదు, నిశ్శేష ఛేదనానికి ధైర్యమిచ్చే అంగం.

1963లో మెక్‌గ్రెగర్ నుదుటి చర్మాన్ని నోటిలోపలికి మళ్లించినాడు. 1965లో బకామ్జియన్ భుజం, రొమ్ము పైభాగపు చర్మాన్ని, 1979లో అరియాన్ రొమ్ము కండరాన్ని వాడినారు. 1981లో చైనా వైద్యులు ముంజేతి చర్మాన్ని దాని రక్తనాళాలతో సహా వేరుచేసి, మెడలోని నాళాలకు సూక్ష్మదర్శిని సాయంతో కుట్టే పద్ధతిని ప్రకటించినారు. ఇక్కడ మాంసం పాతచోటుతో బంధాన్ని తెంచుకొన్నది. కాని రక్తంతో బంధాన్ని తెంచుకొనలేదు. చిన్న లోట్లకు ముక్కు ప్రక్కనున్న చెంప మాంసాన్నే నోటిలోనికి మళ్లించుట నేటికిని ఆచరణలో ఉన్నది.

ఉపసంహారం

సుశ్రుతుని జననమరణ సంవత్సరాలు, నివాస గృహం, సంతతి చరిత్రకు అందలేదు. అందినది ఒక శిష్యుడు, ఒక గురువు, ఒక గ్రంథం. ఆ గ్రంథంలో ఒక మనస్సు స్పష్టంగా కనబడుతున్నది: అసాధ్యాన్ని అసాధ్యమని ఒప్పుకొనే నిజాయితీ, కాయలమీద చేయి తిరిగినగాని మనిషిని తాకనీయని నియమం, మానిన పిదప కూడ కొలత చూచి సరిదిద్దే ఓపిక. ఆధునిక శస్త్రవైద్యానికంతకు ఆయనను కర్తను చేయనక్కరలేదు. కోసిన మాంసం బ్రతకవలెనంటే దాని బంధం నిలువవలెనన్న ఒక్క నియమం చాలును. దానిని చెవితమ్మెకు చెప్పి, ముక్కుకు విస్తరించి, పెదవికి అన్వయించి ఆయన విడిచిపెట్టినాడు. అక్కడి నుండి చెంపకు, దవడకు సాగిన దారి తరువాతివారిది.